కీబోర్డు ఉన్నట్టుండి పని చేయకపోతే: లోపం ఎక్కడుందో తేల్చి సరిచేసే విధానం

టైపు చేస్తూ ఉండగానే కీబోర్డు మొరాయిస్తే కొందరు వెంటనే కొత్తది కొనేస్తారు, కొందరు విండోస్‌ను తుడిచివేసి మళ్లీ ఎక్కిస్తారు. మొదటిది డబ్బు దండగ, రెండోది కాలం దండగ కావచ్చు; ఎందుకంటే ఈ రెండూ లోపం ఎక్కడుందో తెలియక ముందే తీసుకున్న నిర్ణయాలు. ఒక కీ నొక్కినప్పుడు పుట్టే సంకేతం కీబోర్డులోని చిన్న కంట్రోలర్ చిప్ నుంచి బయలుదేరి, వైరు మీదుగా గానీ రేడియో తరంగాల ద్వారా గానీ కంప్యూటర్ పోర్టుకు చేరి, అక్కడి నుంచి డ్రైవర్‌ను (పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్యవర్తిగా ఉండే చిన్న ప్రోగ్రామ్), ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాటి, చివరికి మనం తెరిచి పెట్టుకున్న ప్రోగ్రామ్‌లోకి వస్తుంది. ఈ దారి ఎక్కడ తెగినా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే: తెరపై అక్షరం పడదు. అందువల్ల మరమ్మతు కన్నా ముందు సంకేతం ఎంత దూరం వచ్చి ఆగిపోతోందో కనుక్కోవాలి.

ఒక నియమం మాత్రం మొదటి నుంచీ పాటించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి, ఆ తరువాతే ఇంకొకటి చేయాలి. పోర్టు మార్చడం, డ్రైవర్ తీసేయడం, బ్యాటరీలు వేయడం అన్నీ కలిపి చేస్తే కీబోర్డు బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు. అదే లోపం తిరగబెట్టినప్పుడు మళ్లీ మొదటికి రావలసి వస్తుంది.

ఆగిపోయింది కీబోర్డా, కంప్యూటరా?

ముందుగా మౌస్ కదిపి చూడండి. పాయింటర్ కదలకుండా, తెర మీది గడియారం కూడా నిలిచిపోయి ఉంటే స్తంభించింది కంప్యూటరే. కీబోర్డును అనుమానించవలసిన పని లేదు. కొద్ది నిమిషాలు ఆగినా మార్పు లేకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లపాటు నొక్కి ఉంచి ఆపి, తిరిగి ఆన్ చేయాలి.

మౌస్ మామూలుగా కదులుతూ ఉంటే క్యాప్స్ లాక్ కీ నొక్కి, దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో గమనించండి. సాధారణ కీబోర్డుల్లో ఆ దీపాన్ని కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. కీ నొక్కిన సమాచారం కంప్యూటర్‌కు చేరాక, వెలిగించమన్న ఆదేశం ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తిరిగి వస్తేనే అది వెలుగుతుంది. కాబట్టి దీపం మీరు నొక్కిన ప్రతిసారీ మారుతోందంటే వైరు, పోర్టు, డ్రైవర్ అన్నీ సక్రమంగా ఉన్నట్టే. లోపం సెట్టింగ్‌లలోనో, ఏదో ఒక ప్రోగ్రామ్‌లోనో ఉంది. ఆ కీని రెండు మూడు సెకన్లు నొక్కి ఉంచినా దీపం అసలు స్పందించకపోతే కనెక్షన్ దగ్గర మొదలుపెట్టాలి. వైర్‌లెస్ కీబోర్డులు కొన్నింటికి ఈ దీపమే ఉండదు కనుక వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఈ దశలోనే, తెరిచి ఉన్న పనిని మౌస్‌తో సేవ్ చేసుకోవడం మంచిది. తరువాతి దశల్లో రీస్టార్ట్ చేయవలసి రావచ్చు.

కీబోర్డు లేకుండా పని నడిపించుకోవడం

విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాక్సెసిబిలిటీ విభాగంలో కీబోర్డ్ కింద ఉన్న ఆన్-స్క్రీన్ కీబోర్డ్‌ను మౌస్‌తో ఆన్ చేస్తే తెర మీదే కీబోర్డు వస్తుంది. పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే చిక్కుకుపోయినవారు కుడివైపు కింది మూలలోని యాక్సెసిబిలిటీ గుర్తును నొక్కి దీన్నే తెరవవచ్చు. దీనితో ఇంకో ఉపయోగం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. అసలు కీబోర్డు మీద నొక్కిన కీ ఇక్కడ కూడా మెరుస్తుంది. మీరు ఏమీ నొక్కకపోయినా తెర మీద కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ లేదా విండోస్ కీ నొక్కి ఉన్నట్టు కనిపిస్తే ఆ కీ ఇరుక్కుపోయిందని అర్థం. కంట్రోల్ ఇరుక్కుంటే అక్షరాలు పడవు, వాటి బదులు షార్ట్‌కట్‌లు పని చేస్తాయి. విండోస్ కీ ఇరుక్కుంటే ఎల్ నొక్కగానే కంప్యూటర్ లాక్ అవుతుంది, ఈ (E) అక్షరం నొక్కితే ఫైళ్ల కిటికీ తెరుచుకుంటుంది. దూరపు కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వాడి బయటికి వచ్చాక, నిజంగా ఏ కీ ఇరుక్కోకపోయినా ఇదే పరిస్థితి ఏర్పడుతుంది. ఎడమ వైపు, కుడి వైపు ఉన్న షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలను ఒక్కొక్కటిగా నొక్కి వదిలితే సాధారణంగా అది వీడిపోతుంది.

వైరు, పోర్టు, హబ్

యూఎస్‌బీ కీబోర్డు అయితే ప్లగ్‌ను పూర్తిగా బయటికి తీసి, కొద్ది సెకన్లు ఆగి, వేరే పోర్టులో పెట్టాలి. డెస్క్‌టాప్‌లో క్యాబినెట్ ముందుభాగంలోని పోర్టులు లోపలి చిన్న కేబుల్ ద్వారా మదర్‌బోర్డుకు కలుస్తాయి, ఆ కేబుల్ వదులవడం మామూలే. కనుక పరీక్షకు వెనుకవైపు పోర్టునే వాడండి. హబ్ గానీ ఎక్స్‌టెన్షన్ గానీ మధ్యలో ఉంటే తీసేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక పరికరానికి ఇవ్వగలిగేది 500 మిల్లీయాంపియర్ల విద్యుత్తు మాత్రమే. సొంత అడాప్టర్ లేని హబ్ దాన్నే తనకు తగిలించిన పరికరాలన్నింటికీ పంచుతుంది. రంగురంగుల లైట్లున్న కీబోర్డు పక్కన ఒక హార్డ్ డిస్క్ కూడా అదే హబ్‌కు తగిలించినప్పుడు కీబోర్డు హఠాత్తుగా ఆరిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఆ తరువాత అదే పోర్టులో పెన్ డ్రైవ్ వంటి మరో పరికరం పెట్టి పోర్టును, వేరే కంప్యూటర్‌కు తగిలించి కీబోర్డును విడివిడిగా పరీక్షించాలి. రెండో కంప్యూటర్ అందుబాటులో లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఓటీజీ అడాప్టర్ ద్వారా యూఎస్‌బీ కీబోర్డును ఫోన్‌కు తగిలించి సందేశం టైపు చేసి చూడవచ్చు. ఫోన్‌లో అక్షరాలు పడితే కీబోర్డు నిర్దోషి. పడకపోతే వైరును ప్లగ్ దగ్గర, కీబోర్డులోకి ప్రవేశించే చోట మెల్లగా వంచుతూ చూడండి. ఒక కోణంలో పని చేసి మరో కోణంలో ఆగిపోతుంటే లోపల తీగ తెగింది. విడదీయగల కేబుల్ ఉన్న కీబోర్డుకు కేబుల్ మారిస్తే సరిపోతుంది. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కు మాత్రమే పనికివస్తాయి, వాటిలో డేటా తీగలు ఉండవు కనుక లైట్లు వెలిగినా అక్షరాలు రావు.

పాత కంప్యూటర్లలో ఊదా రంగు గుండ్రటి పీఎస్/2 సాకెట్ ఉంటుంది. ఈ పద్ధతి 1987లో ఐబీఎం తెచ్చినది. కంప్యూటర్ నడుస్తుండగా తీసి పెట్టడానికి ఉద్దేశించినది కాదు. ప్లగ్ ఊడిపోతే కంప్యూటర్‌ను ఆపి, ఆరు పిన్నులూ వంగకుండా ఉన్నాయో లేదో చూసి, పెట్టి, మళ్లీ ఆన్ చేయాలి.

వైర్‌లెస్ కీబోర్డులు

బ్యాటరీలు బాగానే ఉన్నాయన్న నమ్మకం ఉన్నా కొత్తవి వేసి చూడాలి, ఎందుకంటే సూచిక దీపం వెలిగే శక్తి మిగిలి ఉన్నా సంకేతం పంపే శక్తి చాలకపోవచ్చు. తరువాత కీబోర్డు అడుగున ఉన్న స్విచ్చును చూడండి. రెండు మూడు పరికరాలతో జత కట్టగల కీబోర్డు అయితే దాని 1, 2, 3 ఛానెల్ కీలను కూడా చూడాలి. పొరపాటున చేయి తగిలి ఛానెల్ మారితే మీరు టైపు చేసేదంతా పక్క గదిలోని టాబ్లెట్‌కు వెళుతూ ఉంటుంది.

డాంగిల్‌తో (పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌తో) పని చేసే కీబోర్డులు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడతాయి. యూఎస్‌బీ 3.0 పోర్టులో వేగంగా డేటా నడుస్తున్నప్పుడు సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే రేడియో రొద పుడుతుందని ఇంటెల్ 2012లో ప్రచురించిన పత్రంలో వివరించింది. బయటి హార్డ్ డిస్క్‌కు ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపే కీబోర్డు తడబడుతుంటే కారణం వెతకనక్కర్లేదు: డాంగిల్‌ను యూఎస్‌బీ 2.0 పోర్టులోకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కీబోర్డుకు దగ్గరగా తీసుకురండి. బ్లూటూత్ కీబోర్డు అయితే సెట్టింగ్స్‌లోని పరికరాల జాబితా నుంచి దాన్ని తొలగించి, కొత్తగా జత చేయడం మేలు. డిస్‌కనెక్ట్ చేసి కనెక్ట్ చేస్తే పాత జత సమాచారమే మిగిలి ఉంటుంది.

పాడవలేదు, సెట్టింగ్ మారింది

దీపాల పరీక్షలో కీబోర్డు నెగ్గినప్పుడు చూడవలసిన భాగమిది. నా దృష్టిలో, చెడిపోయిందని పక్కన పడేసే కీబోర్డుల విషయంలో అందరికన్నా తక్కువ అనుమానానికి గురయ్యే దోషి ఫిల్టర్ కీస్. చేతులు వణికేవారికి సహాయంగా విండోస్‌లో పెట్టిన ఈ సదుపాయం, కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే ప్రత్యక్షమవుతుంది. ఏదో ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు ఉంచి, వచ్చిన ప్రశ్నను చదవకుండా సరే అన్నవారికి, ఆ క్షణం నుంచి మామూలు వేగంతో నొక్కిన కీలేవీ పడవు. కాసేపు అదిమి ఉంచితేనే అక్షరం వస్తుంది. కాబట్టి కీబోర్డు పూర్తిగా చచ్చిపోయినట్టు ఉన్నప్పుడు ఒక కీని రెండు మూడు సెకన్లు నొక్కి ఉంచి చూడండి. అక్షరం పడితే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ కీస్‌ను ఆపి, పనిలో పనిగా దాని షార్ట్‌కట్‌ను కూడా ఆపేయండి. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్‌ది కూడా ఇలాంటి కథే; అందులో ఒకసారి నొక్కిన కంట్రోల్, తరువాతి కీ వచ్చేదాకా పట్టి ఉంచినట్టు లెక్క.

చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ ఆన్ అయితే యూ, ఐ, ఓ కీలు 4, 5, 6గానూ, జె, కె, ఎల్ కీలు 1, 2, 3గానూ మారిపోతాయి. సగం అక్షరాలు, సగం అంకెలు పడుతుంటే ఎఫ్ఎన్‌తో కలిపి నమ్ లాక్ నొక్కాలి. దీనికి భిన్నంగా, పెద్ద కీబోర్డులో కుడివైపు అంకెలు పడక పాయింటర్ కదులుతుంటే మౌస్ కీస్ ఆన్ అయిందని గ్రహించాలి. ఎక్సెల్‌లో బాణం కీలు గడి నుంచి గడికి వెళ్లకుండా పేజీ మొత్తాన్ని జరుపుతుంటే అది స్క్రోల్ లాక్. ఆటల కోసం తయారైన కీబోర్డుల్లో విండోస్ కీని మాత్రం స్తంభింపజేసే గేమ్ మోడ్ ఉంటుంది, దానికి సాధారణంగా చిన్న తాళం గుర్తు ఉన్న కీ ఉంటుంది.

తెలుగులో టైపు చేసేవారికి మరో సంగతి చెప్పాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరిక ఆన్‌లో ఉండగా ఇంగ్లీషు పాస్‌వర్డ్ కొడితే పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కనుక అక్షరాలు మారిపోయినట్టు తెలియదు. పాస్‌వర్డ్ తప్పంటుంది, కీబోర్డు పాడైందనిపిస్తుంది. గడియారం పక్కనున్న భాష సూచికను చూసి, విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కి అమరిక మార్చుకోవాలి.

ఒక్క ప్రోగ్రామ్‌లోనే అక్షరాలు పడకపోతే ఆ ప్రోగ్రామ్‌నే మూసి తెరవాలి. వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే మరో కంప్యూటర్) నడుపుతున్నవారు కీబోర్డు దాని ఆధీనంలో ఉండిపోయిందేమో చూసుకోవాలి. వర్చువల్‌బాక్స్‌లో కుడి కంట్రోల్, వీఎంవేర్‌లో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కితే విడుదలవుతుంది. స్టార్ట్ మెనూ వెతుకు పెట్టెలో మాత్రమే టైపు కాకుండా మిగతా చోట్ల అవుతుంటే విండోస్‌లోని సీటీఎఫ్‌మాన్ అనే ప్రక్రియ ఆగిపోయి ఉండవచ్చు. రీస్టార్ట్‌తో అది తిరిగి మొదలవుతుంది.

హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా: బయోస్ పరీక్ష

ఇంతవరకూ తేలకపోతే, విండోస్ లోడ్ కాకముందే కీబోర్డు పని చేస్తుందేమో చూడాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్, ఎఫ్2, ఎఫ్10 వంటి కీలలో మీ తయారీదారు పేర్కొన్నదాన్ని వరుసగా నొక్కుతూ బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రాథమిక సాఫ్ట్‌వేర్) తెరలోకి వెళ్లండి. అక్కడ బాణం కీలు పని చేస్తే కీబోర్డు, వైరు, పోర్టు బాగున్నట్టు, లోపం విండోస్‌లో ఉన్నట్టు తేలిపోతుంది.

బయోస్‌లోకి వెళ్లలేకపోయినంత మాత్రాన హార్డ్‌వేర్ చెడిందని తీర్పు ఇవ్వకూడదు. బ్లూటూత్ కీబోర్డులు చాలావరకు ఆ దశలో మేలుకోనే మేలుకోవు. ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉన్న మదర్‌బోర్డులు సమయం ఆదా కోసం యూఎస్‌బీ పరికరాలను విండోస్ వచ్చేదాకా పట్టించుకోకపోవచ్చు. అలాంటప్పుడు సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ మీదుగా అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌కు వెళ్లి, ట్రబుల్‌షూట్ కింద యూఈఎఫ్‌ఐ (బయోస్‌కు కొత్త రూపం) ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ ఎంచుకుంటే మౌస్‌తోనే అక్కడికి చేరవచ్చు. ఈ రికవరీ తెర కూడా ఒకసారి మొండికేసింది: 2025 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ ఒకటి అక్కడ యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ రెండూ పని చేయకుండా చేయగా, మైక్రోసాఫ్ట్ అదే నెలలో ప్రత్యేక అప్‌డేట్‌తో సరిదిద్దింది. అటువంటి వేళ కీబోర్డు విండోస్‌లో పని చేస్తూ రికవరీలో మాత్రమే ఆగిపోతుంది.

పాత కంప్యూటర్లు కీబోర్డు కనబడలేదని చెప్పి, కొనసాగడానికి ఎఫ్1 నొక్కమంటాయి. నవ్వు తెప్పించే ఆ సందేశంలో కొంత న్యాయం ఉంది: కీబోర్డును సరిగా తగిలించి నొక్కమని దాని భావం.

విండోస్ లోపల

మొదట రీస్టార్ట్ చేయాలి, షట్‌డౌన్ కాదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా సిస్టమ్ కెర్నల్ (విండోస్ మూల భాగం), డ్రైవర్ల స్థితి డిస్క్‌లో భద్రమై, మర్నాడు ఆన్ చేసినప్పుడు అదే స్థితి తిరిగి లేస్తుంది. చిక్కులో ఉన్న డ్రైవర్ చిక్కుతోనే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది.

దానితో పోకపోతే స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. కీబోర్డ్స్ విభాగంలో మీ కీబోర్డు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్ ఎంచుకుని, రీస్టార్ట్ చేస్తే విండోస్ డ్రైవర్‌ను తానే తిరిగి పెట్టుకుంటుంది. ఈ పని చేసే ముందు ఆన్-స్క్రీన్ కీబోర్డుతో పాస్‌వర్డ్ కొట్టగలరని రూఢి చేసుకోండి. పసుపు త్రికోణంతో పాటు కోడ్ 19 కనిపిస్తే రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగ్‌లను దాచుకునే చోట) కీబోర్డు వివరాలు చెడ్డాయన్నమాట. యాంటీవైరస్ వంటి ప్రోగ్రామ్‌ను తొలగించిన తరువాత ఇలా జరుగుతుంటుంది. రిజిస్ట్రీతో పరిచయం లేనివారు అందులో చేయి పెట్టకుండా సిస్టమ్ రిస్టోర్ ద్వారా లోపం రాకముందటి తేదీకి వెళ్లడం క్షేమం. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామనే ప్రోగ్రామ్‌ల జోలికి మాత్రం పోకండి. కీబోర్డుకు కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది.

కాసేపు వాడకుండా వదిలేసినప్పుడే కీబోర్డు నిద్రపోతుంటే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపడానికి అనుమతించే టిక్కును తీసేయాలి.

మ్యాక్‌లో ఫిల్టర్ కీస్‌కు సమానమైనది స్లో కీస్, అది యాక్సెసిబిలిటీలోని కీబోర్డ్ విభాగంలో ఉంటుంది. మ్యాజిక్ కీబోర్డును దాని కేబుల్‌తో మ్యాక్‌కు కలిపితే జత దానంతట అదే కుదురుతుంది. లినక్స్‌లో ఈవీటెస్ట్ అనే ఉపకరణం, నొక్కిన ప్రతి కీ సిస్టమ్‌కు చేరుతోందో లేదో అక్కడికక్కడే చూపిస్తుంది.

కొన్ని కీలే పని చేయనప్పుడు

కీబోర్డు లోపల కీలన్నింటికీ విడివిడి తీగలు ఉండవు. అడ్డ వరుసలు, నిలువు వరుసలుగా అల్లిన వలలో ప్రతి కీ ఒక కూడలి వద్ద ఉంటుంది; చిప్ ఆ వరుసలను క్షణక్షణం పరిశీలిస్తూ ఏ కూడలి కలిసిందో గుర్తిస్తుంది. అందుకే చచ్చిన కీలు ఎక్కడెక్కడున్నాయన్నదే రోగ నిర్ధారణకు ఆధారం. ఒక్క కీ మాత్రమే పోతే దాని కింద మురికో, అరిగిన స్విచ్చో ఉంటుంది. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే ఐదారు కీలు ఒకేసారి పోతే వాటిని కలిపే వరుస ఎక్కడో తెగింది; ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు. మూడు కీలు కలిపి నొక్కినప్పుడే మూడోది పడకపోతే అది లోపమే కాదు, చౌక కీబోర్డుల వలకు సహజమైన పరిమితి.

శుభ్రం చేసే ముందు వైరు తీసేసి, కీబోర్డును ఒక ఫొటో తీసుకోండి. తలకిందులుగా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి డబ్బాను నిటారుగా పట్టుకుని కీల సందుల్లో కొద్దికొద్దిగా ఊదాలి. డబ్బాను వంచితే గాలికి బదులు చల్లటి ద్రవం చిమ్ముతుంది. మెకానికల్ కీబోర్డు మూతలు నిట్టనిలువుగా లాగితే వస్తాయి. స్పేస్, షిఫ్ట్, ఎంటర్ కీల కింద సన్నని తీగ ఉంటుంది కనుక వాటిని బలవంతంగా పెకలించకూడదు. ల్యాప్‌టాప్ కీల కింద కత్తెర ఆకారపు పెళుసు ప్లాస్టిక్ ఉంటుంది. చేయి తిరగనివారు వాటిని వదిలేయడమే మంచిది.

ద్రవం ఒలికినప్పుడు మాత్రం ఈ క్రమమంతా పక్కన పెట్టాలి. వైరు లాగేయండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి, పవర్ బటన్ నొక్కి పట్టి ఆపి, తెరిచి బోర్లించండి. తడి ఉండగా విద్యుత్తు పారితే లోపలి సర్క్యూట్ గీతలు త్వరగా తుప్పు పట్టి తెగిపోతాయి, కనుక పని చేస్తోందేమోనని మధ్యలో ఆన్ చేసి చూడకూడదు. హెయిర్ డ్రైయర్ వేడి ప్లాస్టిక్ పొరలను వంచుతుంది. కనీసం రెండు రోజులు గాలికి ఆరనివ్వాలి. తీపి పానీయం ఆరినా జిగట మిగులుతుంది. బయటి కీబోర్డు అయితే మూతలు తీసి, 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి.

ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు

బయటి యూఎస్‌బీ కీబోర్డు తగిలించినప్పుడు అది పని చేసి, లోపలిది చేయకపోతే ముందుగా ల్యాప్‌టాప్‌ను ఆపి, ఛార్జర్‌ను, మిగతా పరికరాలను తీసి, పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోండి. కీబోర్డును చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్ షట్‌డౌన్‌లోనూ మేలుకునే ఉంటుంది. మిగిలిన విద్యుత్తు హరిస్తేనే అది కొత్తగా మొదలవుతుంది. మడిచి టాబ్లెట్‌లా వాడుకునే రకాల్లో, తెర వెనక్కి తిరిగిందని సెన్సార్ భావిస్తే కీబోర్డు దానంతట అదే ఆగిపోతుంది. చాలా మోడళ్లలో ఆ సెన్సార్ అయస్కాంతాన్ని బట్టి పని చేస్తుంది కనుక అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవర్‌ను ల్యాప్‌టాప్ మీది నుంచి తీసి చూడండి.

కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూతపడకపోయినా అది కీబోర్డు జబ్బు కాదు, కింద బ్యాటరీ ఉబ్బుతోంది. వెంటనే ఆపి, ఛార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీస్ కేంద్రానికి చేర్చాలి.

ఇవేవీ కాకపోతే మిగిలింది కీబోర్డును మదర్‌బోర్డుకు కలిపే పట్టీ కేబుల్. కింద పడ్డాక గానీ, ఇటీవల విప్పి బిగించాక గానీ లోపం మొదలైతే అది జారి ఉండే అవకాశం ఎక్కువ. సాకెట్ మీది చిన్న గొళ్లెం ఎత్తి, పట్టీని తిన్నగా లోపలికి జరిపి, గొళ్లెం దించాలి. గొళ్లెం విరిగితే మరమ్మతు ఖర్చు పెరుగుతుంది కనుక అనుభవం లేనివారు మెకానిక్‌కే వదలండి. అతనికి ఇచ్చేటప్పుడు బయోస్‌లో కీబోర్డు పని చేసిందా లేదా, ఏ కీలు పోయాయి, ద్రవం ఏమైనా పడిందా అన్న మూడు సంగతులూ చెప్పండి. చాలా సన్నని మోడళ్లలో కీబోర్డు పై చట్రానికి రివెట్లతో బిగించి ఉంటుంది కనుక చట్రంతో సహా మార్చవలసి రావచ్చు. అందుకయ్యే మొత్తం అడిగి తెలుసుకుని, బయటి కీబోర్డుతో సరిపెట్టుకోవాలో లేదో అప్పుడు నిర్ణయించుకోండి.